తప్పిపోయిన కుమారుని కథ: విందు దగ్గరే పిల్లలు లేచి వెళ్లిపోతున్నారు

అందరికీ వందనాలు. మా సండేస్కూల్లో 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు 14 మందికి బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఈ కథ చెబుతున్నాను. ఆస్తిలో వాటా తీసుకెళ్లి పాడుచేసుకున్న చిన్న కొడుకు తిరిగొస్తే, తండ్రి సంతోషంతో విందు చేసే కథ ఇది. తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తేదాకా కళ్లార్పకుండా వింటారు. విందు రాగానే, సుమారు 12వ నిమిషంలో, కథ అయిపోయిందని చెప్పులు వెతుక్కుంటారు. 25వ వచనం నుంచి పెద్ద కొడుకు కోపంతో బయటే ఉండిపోయే భాగం ఎవరికీ ఎక్కట్లేదు. నాకైతే కథ ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది.

మూడు ఆదివారాలు చూశాను. మొదట బొమ్మలు పెట్టాను, తర్వాత బుర్రకథలా ఇద్దరు పిల్లల్ని వంతలుగా నిలబెట్టాను. చివరికి ఆ భాగం విడిగా చెబితే, "తమ్ముడికి దెబ్బలు పడాలి కదా టీచర్" అని పెద్దోడి పక్షం చేరారు! తండ్రి బయటికొచ్చి బతిమాలడం వాళ్ల చెవికెక్కలేదు.

పెద్ద కొడుకుతోనే కథ మొదలుపెట్టి ఈ వయసు పిల్లలకు చెప్పినవాళ్లుంటే, ఎలా ఎత్తుకున్నారో చెప్తారా?