సమస్యాపూరణం: బంతి తాకనివాడెపో ఫలము గొనియె

నిర్వాహకులు, హనుమకొండ

ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం:

బంతి తాకనివాడెపో ఫలము గొనియె

విషయం టెన్నిస్. అందులోనూ సింగిల్స్ వదిలి జంటాటనే బతుకుదెరువు చేసుకున్న ఆటగాడి వృత్తి. ప్రతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం తొలి అక్షరానికి యతి. ఇచ్చిన పాదంలో 'బం'కు 'ఫ'తో చెల్లింది.

ఆట మాటలు వాడేవాళ్లు ముందే తూచుకోండి. 'సర్వు', 'నెట్టు', 'ర్యాంకు' గలాలు, సూర్యగణం చోట నేరుగా కూర్చుంటాయి. 'పాయింటు', 'సింగిల్సు', 'టైబ్రేకు' తగణాలు, ఇంద్రగణం చోట ఇమిడిపోతాయి. 'డబుల్సు', 'రిటర్ను' మాత్రం జగణాలు. వాటిని గణం మొదట పెడితే పద్యం కుంటుతుంది. 'డ'ను ముందు గణంలోకి పంపి 'బుల్సు'ను గలంగా నిలపాలి, లేదంటే 'జంటాట' అనాలి.

ఛందస్సు ఎంత సరిగ్గా ఉన్నా ఆట తప్పుగా చెప్పిన పద్యాన్ని ఒప్పుకోం.

కాజీపేట నుంచి

నెట్టు ముందర నిలిచిన నేర్పుకాడు
కాలు కదిపిన యంతనే గాబరపడి
పరుడు సందును గురిచూసి బయట గొట్ట
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

హుజూరాబాద్ నుంచి

పద్యం మంచిగున్నదన్నా. యతులన్నీ పడ్డయి, 'గాబర' మన నోట్లె మాట. ఆట కూడా సరిగ్గనే చెప్పినవు. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, జంటాటకు 36. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర అడుగుల సందు కలుస్తది. నెట్టు నడుమ 3 అడుగుల ఎత్తు, గుంజల దగ్గర మూడున్నర. అంటే సందులకు కొట్టేటోడు ఎక్కువ ఎత్తు మీదికెళ్లి, తక్కువ జాగాల బంతి పడేటట్టు కొట్టాలె. నెట్టు దగ్గరోడు వాణ్ని ఆ కష్టమైన దెబ్బకు నెట్టిండంటే సగం పని అయినట్టే.

జనగామ నుంచి

'కాలు కదిపిన యంతనే' అన్నచోట ఒక్క మాట చెప్పాలి. నెట్టు దగ్గరి ఆటగాడి కదలిక రెండు రకాలు. నిజంగా అడ్డం దూకి బంతిని అందుకోవాలనుకునేవాడు ఆలస్యంగా కదలాలి. ఎదుటివాడి రాకెట్ బంతి మీదికి ముందుకు రావడం మొదలయ్యాకే కదలాలి, ఎందుకంటే అప్పటికి దిశ మార్చుకునే వీలుండదు. ఉత్తగా బెదిరించాలనుకునేవాడు దానికి ముందే, వాడికి కనపడేటట్టు, భుజంతో సహా ఒక అడుగు వేసి వెనక్కి రావాలి. కొత్తవాళ్లు ఈ రెండింటినీ తలకిందులు చేస్తారు. నిజంగా దూకేటప్పుడు తొందరపడి ఖాళీ చేసిన సందులోంచి బంతి పోగొట్టుకుంటారు, బెదిరించేటప్పుడు ఆలస్యం చేసి ఎవరికీ కనపడరు. ఇక్కడ పరుడు చూసి గాబరపడ్డాడు కాబట్టి ఇది బెదిరింపు కదలికే. పద్యం నిలుస్తుంది.

కదలడం తప్పు కాదు. అరవడం, బంతి మీద నుంచి చూపు మళ్లించాలని చేతులు ఊపడం మాత్రం ఆటంకం కిందికి వస్తుంది, పాయింట్ పోతుంది.

పరకాల నుంచి

సర్వు నేలను పడకుండ జతగు వాని
భుజము తాకిన నియమాల పుస్తకాన
కొట్టినాడికె పాయింటు కూడి వచ్చు
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

నిర్వాహకులు

గణాలు, యతులు సరే. అర్థంలో రెండు చిక్కులున్నాయి. 'జతగు వాని' అంటే ఎవరి జత? సర్వు చేసినవాడి జతగాడికే తగిలితే అది ఫాల్ట్ (తప్పిన సర్వు), పాయింట్ రాదు. అవతలి జంటలో ఎవరికి తగిలినా, నేల మీద పడకముందే తగిలితే, పాయింట్ సర్వు చేసిన జంటది. ఇది స్పష్టం కావాలి. రెండోది, మూడో పాదంలో 'కొట్టినాడు' అంటే బంతిని తాకినవాడే. నాలుగో పాదం దాన్ని కాదంటుంది, సమస్య తీరలేదు. ఇలా మారిస్తే రెండూ కుదురుతాయి:

సర్వు నేలను పడకయె చనుచు నెదిరి
భుజము తాకిన నియమాల పుస్తకాన
జంట కంతకు పాయింటు, జతగ నిలిచి
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

ములుగు నుంచి

నలుబదియు మూడు వయసున నడుము కట్టి
మెల్బొరన్నున జతతోడ మేటి యయ్యె
ఒకటె జంటాట చాలని యొంటిపోటి
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

నిర్వాహకులు

రోహన్ బోపన్న మీద పద్యం. 'ఒంటిపోటి' అనే మాటను మూడో పాదం చివర నిలిపి నాలుగో పాదంలోని బంతికి విశేషణం చేయడం అసలైన పూరణ లక్షణం. ఇచ్చిన పాదంలో అక్షరం మారలేదు, అర్థం మారిపోయింది.

సవరణ ఒకటి. పద్యం నడుమ అచ్చు నిలవదు. 'మేటి యయ్యె / నొకటె' అనండి. యతి 'ఒ'కూ 'యొ'కూ స్వరంతోనే కాబట్టి భంగం రాదు.

హుజూరాబాద్ నుంచి

ఆట పక్క నుంచి నాకో అభ్యంతరమున్నది. 2024 జనవరిలో మాథ్యూ ఎబ్డెన్‌తోటి కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 43 ఏండ్లకు జంటాటలో ఒకటో ర్యాంక్ ఎక్కిన మాట నిజమే. కని 'ఒంటిపోటి బంతి తాకనివాడు' అంటే ఎన్నడూ సింగిల్స్ ఆడలేదన్న అర్థమొస్తది. 2010లో చెన్నైల బ్రెజిల్ మీద డేవిస్ కప్ పోటీ రెండు రెండుగ ఉన్నప్పుడు, ఆఖరి సింగిల్స్‌ల రికార్డో మెల్లోను ఓడగొట్టి దేశాన్ని గెలిపించింది బోపన్ననే.

జనగామ నుంచి

'తాకని' వ్యతిరేక విశేషణం కదా, కాలంతో పని లేకుండా స్వభావాన్ని చెబుతుంది. 'చాలని' అనే మాట ముందుంది కాబట్టి, చాలనుకున్నాక తాకనివాడని అన్వయించుకోవచ్చు. చెల్లుతుందనే నా అభిప్రాయం.

అయితే ఆ 'చాలని' వెనుక ఎంత లెక్క ఉంటుందో చెప్పుకోవాలి. జంటాటకు పోటీల్లో ప్రవేశం ఇద్దరి ర్యాంకుల మొత్తం మీద వస్తుంది. ఒకడిది 40, ఇంకొకడిది 55 అయితే జంట లెక్క 95. మొత్తం ఎంత తక్కువైతే అంత ముందు. అంటే ర్యాంకు దిగిన ఆటగాడికి మంచి జతగాడు దొరకడు, మంచి జతగాడు లేక పెద్ద పోటీల్లోకి పోలేడు, పెద్ద పోటీలు లేక ర్యాంకు ఎక్కదు. చాలామంది ఈ సుడిలోనే చిన్న పోటీల్లో ఉండిపోతారు.

రెండో లెక్క ఎవరు ఏ పక్క అనేది. సర్వు అందుకునే పక్కను సెట్ నడుమ మార్చుకోవడానికి లేదు, కొత్త సెట్ మొదట్లోనే మార్చాలి. కాబట్టి జత కుదుర్చుకునేటప్పుడే చూసుకోవాలి. మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా ఫోర్‌హ్యాండ్ బలంతో కుడి పక్క, మార్టినా హింగిస్ బ్యాక్‌హ్యాండ్ నేర్పుతో ఎడమ పక్క. 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్, నడుమ వరుసగా 41 మ్యాచ్‌ల గెలుపు. 16 గ్రాండ్‌స్లామ్‌లు కలిసి గెలిచిన బ్రయాన్ అన్నదమ్ముల్లో బాబ్‌ది ఎడమచేయి, మైక్‌ది కుడిచేయి. ఇద్దరు గొప్ప ఆటగాళ్లు ఒకే పక్క అలవాటు పడ్డవాళ్లయితే ఒకరు తమ మంచి దెబ్బను వదులుకోవాలి. కీలకమైన పాయింట్లలో అదే కొంప ముంచుతుంది.

43 ఏళ్లకూ ఆడగలగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. నాలుగు గేముల్లో ఒక్కదాంట్లోనే తన సర్వు. కాపాడుకోవలసింది సగం కోర్టు. పాయింట్లు పొట్టివి. కాళ్ల వేగం తగ్గినా సర్వు, వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బ), చూపు పదునుగా ఉంటే నిలబడవచ్చు.

మంచిర్యాల నుంచి

పది పాయింట్ల టైబ్రేకు పరుగు లోన
తొమ్మి దెనిమిది దగ్గర తొట్రు పడగ
పరుని సర్వులు రెండును పక్క కేగ
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

నిర్వాహకులు

మొదటి గణం చూడండి. 'పది' రెండు లఘువులే. తర్వాతి 'పా'ను కలుపుకుంటే లలగ, అది సూర్యగణం కాదు. 'పదియు పాయింట్ల టైబ్రేకు' అంటే న, త, త గణాలు వరుసగా పడతాయి. మిగతాది ముట్టుకోనక్కర లేదు. 'తొమ్మి దెనిమిది' అని స్కోరునే పాదంలో విరగకుండా నిలపడం అందంగా ఉంది.

ఆట కూడా సరిగ్గా ఉంది. పురుషుల వృత్తి పోటీలైన ఏటీపీ టూర్ జంటాటలో 2006 నుంచి మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. రెండు పాయింట్ల తేడా ఉండాలి, 10-8తో ముగిసింది, సరిపోయింది. అవతలివాడు రెండు సర్వులూ పోగొట్టుకుంటే ఇవతలి ఇద్దరూ బంతి ముట్టనే ముట్టరు. ఈ వారం వచ్చినవాటిలో సమస్యకు ఇంత సూటిగా జవాబు చెప్పింది ఇదే.

హుజూరాబాద్ నుంచి

దాంతోపాటు గేముల్ల 40-40 అయితె ఒక్కటే పాయింట్ ఆడిస్తరు. ఆ పాయింట్‌కు ఏ పక్క నుంచి సర్వు అందుకోవాలో అందుకునే జంటనే చెప్పుకుంటది. జంటలు ముందే అనుకొని పెట్టుకోవాలె. అప్పటికప్పుడు నువ్వంటె నువ్వని చూసుకుంటె ఆ తడబాటే ఎదుటోనికి బలం. దాని మీద కూడ ఎవలన్న పద్యం రాయాలె.

కరీంనగర్ నుంచి

వీపు వెనుకను వేళ్ళతో వేసి సైగ
సర్వు నెచ్చట వేయాలొ జతకు జెప్పి
నడుమ గీతపై గూర్చుండి నక్కి దుమికె
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

జనగామ నుంచి

సైగ చేస్తారు గానీ వేయరు. యతి కోసం వచ్చిన 'వేసి' తీసి 'వేళ్ళతో విప్పి సైగ' అనవచ్చు, 'వీ'కి 'వి' చెల్లుతుంది. అసలు లోటు మూడో పాదంలో. దుమికినవాడికి బంతి ఎందుకు అందలేదో పద్యంలో లేదు. 'నెట్టు కడ నక్కి కూర్చుండ నెట్టె బయట' అంటే అవతలివాడు బయటికి కొట్టాడన్న కారణం దొరుకుతుంది.

పద్యంలో చెప్పిన ఈ సైగల వ్యూహంలో సర్వు చేసేవాడు వెనుక గీత మీద నడిమి గుర్తు పక్కనే నిలబడతాడు. నెట్టు దగ్గరివాడు నడుమ గీత మీద, తల నెట్టు కంటే కిందికి వచ్చేంత వంగి కూర్చుంటాడు. తల పైకుంటే సొంతవాడి సర్వు వీపుకో తలకో తగులుతుంది, ఫాల్ట్ అవుతుంది. సర్వు నడుమ గీత వైపో, ఎదుటివాడి ఒంటి మీదికో పడాలి. వెడల్పుగా వేస్తే వాడికి కోణం దొరికి రెండు పక్కలా ఖాళీ కనపడుతుంది. సర్వు చేసేవాడు సైగ చూసి 'సరే' అన్నాకే బంతి ఎగరేయాలి. మొదటి సర్వు తప్పితే రెండోదానికి మళ్లీ సైగ. ఈ రెండో సైగను ఎగ్గొట్టే జంటలే ఎక్కువ దెబ్బ తింటాయి, ఒకడు కుడికి కదిలితే రెండోవాడూ అటే పరుగెత్తుతాడు.

పరకాల నుంచి

ఎదిరి జంటలో నొకనికి నెముక నొచ్చి
తప్పుకొన వాకువోవరు దక్కె నపుడు
మెట్టు దాటెను చెమటయు మెరయకుండ
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

నిర్వాహకులు

తప్పు లేదు. వాకోవర్ అంటే మ్యాచ్ మొదలు కాకముందే తప్పుకోవడం, నడుమ తప్పుకుంటే అది వేరు. ఆ తేడా పాటించారు. ఒకడికి దెబ్బ తగిలితే ఇద్దరూ ఇంటికే, బదులు మనిషిని దించే వీలు లేదు. జంటాట వృత్తిలో ఉన్న పెద్ద కష్టం అదే. పూరణ మాత్రం జంటాటకే చెందినది కాదు, ఏ ఆటకైనా అతుకుతుంది. అందుకే దీన్ని మంచిర్యాల పద్యం తర్వాత పెడుతున్నాను.

నిర్వాహకుల పూరణ:

ఒక్కడే రాకెటున గొట్టె నుత్తమముగ
సగము సగముగ పంచిరి సంచి సొమ్ము
ర్యాంకు పాయింట్లు చెరియొక రాశి వచ్చె
బంతి తాకనివాడెపో ఫలము గొనియె

బహుమతి సొమ్ము జంటకు ఒక్కటే, దాన్ని చెరి సగం చేసుకుంటారు. ర్యాంకింగ్ పాయింట్లు మాత్రం సగం కావు, ఇద్దరికీ పూర్తిగా వస్తాయి. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000 ఇతడికీ, 2000 అతడికీ. అందుకని జత విడిపోయినా ఆ పాయింట్లు ఎవరివి వాళ్లతో పోతాయి, కొత్త జతగాడి దగ్గర మళ్లీ లెక్కకు వస్తాయి. శిక్షకుడి జీతం, ప్రయాణాలు, బస అన్నీ సగం సొమ్ములోంచే వెళ్లాలి కాబట్టి చాలా జంటలు ఒకే శిక్షకుడిని పెట్టుకుని ఖర్చు పంచుకుంటాయి.

జనగామ నుంచి

'ర్యా'కు 'రా'తో యతి బాగుంది. 'రాకెటున'లో 'ట'ను ద్విత్వం లేకుండా రాయడం వాడుకలో ఉన్నదే, ఆక్షేపణ లేదు.

నిర్వాహకులు

వచ్చే వారం ఆటవెలది, చివరి పాదం:

ఓడిపోయి వాడె యొకటి యయ్యె

ర్యాంకింగ్‌లో 52 వారాల కిందటి పాయింట్లు ఎలా రాలిపోతాయో, పైనున్నవాడు నిరుడు గెలిచిన పోటీలో ఈసారి ముందే ఓడితే కిందివాడి లెక్క ఏమవుతుందో తెలిసినవాళ్లకు దారి దొరుకుతుంది. 'డబుల్సు' వాడేవాళ్లు గణం విడదీసి చూపించి పంపండి.