అప్‌డేట్: రాయగడ నుంచి జర్మనీకి

నా పాత ప్రశ్న ఇది: మాది ఒడిశాలోని రాయగడ, చదివింది బోటనీ. పర్యావరణ విధానంలో మాస్టర్స్‌కు బ్రిటన్‌లో ఏడాది కోర్సు మేలా, జర్మనీలో రెండేళ్లదా?

జర్మనీయే ఖాయమైంది. ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఎన్విరాన్‌మెంటల్ గవర్నెన్స్, బోధన ఇంగ్లిషులో. జర్మనీలో చదువంతా ఉచితమని కొందరు రాశారు కానీ, ఫ్రైబర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి వారు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. లండన్ ఫీజుల ముందు అదెంత!

నాన్నగారిని బెదరగొట్టింది బ్లాక్డ్ అకౌంట్. వీసా కోసం 11,904 యూరోలు ముందే జమ చేస్తే, అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మనకే ఇస్తారు. ‘మన డబ్బు మనకివ్వడానికి ఇంత తతంగమా’ అని ఆయన ఇప్పటికీ గొణుగుతున్నారు. విద్యారుణం వచ్చాకే ఆ పని జరిగింది. ఏపీఎస్ ధ్రువపత్రం (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వారు పరిశీలించి ఇచ్చేది) కూడా తప్పనిసరి, వీసా కన్నా చాలా ముందే పెట్టుకోండి.

దరఖాస్తు లేఖలో భూతాపం గురించి కాక మీ కొండ గురించి రాయమన్న అక్కకు ప్రత్యేక కృతజ్ఞతలు. నియమగిరి గురించే రాశాను. నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలిన 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించాయి. 2006 అటవీ హక్కుల చట్టం లేకుంటే ఆ మాటకు కోర్టులో అంత బరువు ఉండేదా? లేఖంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిపించాను.

వసతి మాత్రం ఇంకా తేలలేదు. ఫ్రైబర్గ్‌లో తెలుగువారెవరైనా ఉంటే, గది వెతుకులాట ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పగలరా?