పోలీసులకు ఫిర్యాదు చేశాక క్షేమంగా ఉండటం ఎలా?

ప్రశ్న:
పదకొండు రోజుల క్రితం నా భర్తపై పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. భార్యను హింసించడానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద, అంటే వెనుకటి 498ఏ కింద, ఎఫ్ఐఆర్ నమోదైంది. నాలుగేళ్ల పాపతో వేరే జిల్లాలోని మా అమ్మగారింటికి వచ్చేశాను. అతన్ని అరెస్టు చేస్తారనుకుంటే నోటీసు ఇచ్చి పంపించారట. మొన్న రాత్రి మా వీధి చివర బండి ఆపుకొని చాలాసేపు నిలబడ్డాడు. కేసు వెనక్కి తీసుకోమని పెద్దమనుషులు అమ్మకు రోజూ ఫోన్ చేస్తున్నారు. నా సర్టిఫికెట్లు, నగలు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. ఫిర్యాదు చేసి ప్రమాదాన్ని నేనే కొనితెచ్చుకున్నానేమోనన్న భయంతో నిద్ర పట్టడం లేదు.

మొదటి సమాధానం:
అమ్మా, నేను ఇటువంటి కేసులు చూసే న్యాయవాదిని. సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఈ సెక్షన్ కింద అరెస్టు తప్పనిసరి కాదు కనుక, నోటీసుతో పంపినంత మాత్రాన మీ కేసు బలహీనపడిందని అనుకోకండి. అయితే ఎఫ్ఐఆర్ అనేది ఇప్పటికే జరిగిపోయిన నేరానికి సంబంధించినది. రేపు అతను మీ గుమ్మం దాకా రాకుండా ఆపాలంటే 2005 నాటి గృహహింస చట్టం కింద విడిగా పిటిషన్ వేయాలి. కోర్టుల్లో దీన్నే డీవీసీ అంటారు. మీరు తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి మేజిస్ట్రేటు కోర్టులోనే వేయవచ్చు కాబట్టి అత్తవారి ఊరు వెళ్లవలసిన పని లేదు. అతను మిమ్మల్ని కలవకూడదని, ఫోన్ చేయకూడదని 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు అడగండి. ప్రమాదం దగ్గరలో ఉందని ప్రమాణపత్రంలో వివరంగా రాస్తే, అతని వాదన వినకముందే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు; అది బెయిలు హక్కుగా దొరకని నేరం. నగలు, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమని, పాప మీ సంరక్షణలోనే ఉండాలని, ఖర్చులకు డబ్బు ఇప్పించమని అదే పిటిషన్‌లో కోరండి. సామాను కోసం మాత్రం ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లకండి.

రెండో సమాధానం:
హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో నేను కొంతకాలం పనిచేశాను. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే మీ జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసలహాతో పాటు కొద్ది రోజులు ఉండే వసతి కూడా దొరుకుతుంది. లాయరు ఫీజు గురించి వెనుకాడకండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది, దానికి 15100 నంబరు. అతను మళ్లీ కనిపిస్తే బయటికి వెళ్లి మాట్లాడకుండా తలుపు వేసుకుని 112కి చేయండి. వీధి చివర దుకాణానికి కెమెరా ఉంటే మొన్నటి రికార్డు వెంటనే అడగండి, ఎందుకంటే కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది. మీ ఫోన్‌లోని గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అతనికి తెలిసి ఉంటే మీరు ఎక్కడున్నారో కూడా తెలుస్తుంది, కాబట్టి ఈరోజే మార్చండి. బెదిరింపు మెసేజులను మాత్రం చదవలేక చెరిపేయకండి. పాపను మీరు, మీ అమ్మగారు తప్ప ఎవరు వచ్చి అడిగినా పంపవద్దని బడిలో రాతపూర్వకంగా ఇవ్వండి.

మూడో సమాధానం:
చెల్లీ, ఆరేళ్ల క్రితం నేనూ మీలాగే భయపడ్డాను. ఆ ప్రమాదం నా ఫిర్యాదుకు ముందు నుంచే మా ఇంట్లో ఉందన్న సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. పెద్దమనుషులు ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ "ఏమున్నా లాయరుగారితో మాట్లాడండి" అని పెట్టేసేది. ఆమె వాదించడం మానేశాక ఫోన్లు తగ్గాయి. రాజీ కాగితం మీద ఎవరు బతిమాలినా సంతకం పెట్టకండి. వాయిదా రోజుల్లో కోర్టు నుంచి తిరిగి వచ్చే దారి నాకు అన్నిటికంటే భయంగా ఉండేది. తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లి, ప్రతిసారీ వేరే దారిలో ఇంటికి వచ్చేదాన్ని.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వీధి చివర కిరాణా కొట్టుకు కెమెరా ఉంది. ఉదయం తెరవగానే అమ్మా నేనూ వెళ్లి అడిగి, అటునుంచే సఖి కేంద్రానికి వెళ్తాం.