కాలనీ వార్తల పత్రం: ఏమి రాయాలి, ఏది వదిలేయాలి?

ఉప్పల్ నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ తూర్పు వైపున ఉన్న పాత కాలనీ. ఒకప్పటి సొంతిళ్లు చాలావరకు ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లయ్యాయి. కాలనీ సంక్షేమ సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉన్నది కానీ, శుభోదయాలకూ దేవుడి బొమ్మలకూ మధ్య అసలు కబురు ఎక్కడున్నదో వెతుక్కోవలసి వస్తున్నది. పోయిన వేసవిలో నల్లా నీళ్లు వదిలే వేళ మారిందన్న సంగతి రాత్రి పొద్దుపోయాక గ్రూపులోకి వచ్చింది. తెల్లవారేసరికి ఎవరిదో పెళ్లిరోజు శుభాకాంక్షల కింద అది కనిపించకుండా పోయింది. గ్రూపులో లేని అద్దెవాళ్లు, ఫోను అంతగా చూడని పెద్దలు నీళ్లు పట్టుకోలేక ట్యాంకర్లు తెప్పించుకున్నారు.

అందుకని నెలకొకసారి రెండు పేజీల కాలనీ పత్రం అచ్చువేసి ఇంటింటికీ పంచుదామని సంఘం సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. అయితే అందులో ఏమి ఉండాలన్న దగ్గర ఏకాభిప్రాయం కుదరలేదు. పుట్టినరోజులు, పిల్లల ర్యాంకులు, కవితలు వేయాలని కొందరు అంటుండగా, నెలవారీ చందా బకాయి పడ్డవారి పేర్లు ఫ్లాటు నంబర్లతో సహా వేయాల్సిందేనని మా కోశాధికారి గారు పట్టుబడుతున్నారు. ఈ మధ్య ఒక సైకిలు దొంగతనంలో పక్క వీధి కుర్రవాడు దొరికాడు. ఆ సంగతి కూడా పేరుతో రాయాలని మరొకరి వాదన. ఇలాంటి పత్రానికి ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషను అవసరమా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

పాత డెస్కు (జవాబు):

ఉప్పల్ నివాసి గారూ, నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో చాలాకాలం పనిచేసి విరమించాను కనుక, వార్తల ఎంపిక వరకే నాకు తెలిసినది చెబుతాను. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకొక అనుబంధం ఇవ్వడం ప్రారంభించాక, మిగిలిన పత్రికలూ ఆ దారి పట్టాయి. అంతకుముందు మండల కేంద్రంలో బోరు చెడిపోయిందన్న కబురు పత్రికకు ఎక్కాలంటే ఎవరైనా మంత్రి ఆ ఊరు రావలసి ఉండేది. జిల్లా పేజీలు వచ్చాక పాఠకుడు మొదటి పేజీకంటే ముందు లోపలి పేజీ తిప్పి తన వీధి పేరు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇవాళ నగరంలో ఎక్కడ ఏ సభ, ఎక్కడ కరెంటు కోత అని చెప్పే చిన్న అక్షరాల కాలమ్ ఒక్కరోజు తప్పిపోతే డెస్కుకు వచ్చినన్ని ఫోన్లు, సంపాదకీయం తప్పిపోయినా రావు.

మీ పత్రానికి కావలసింది కూడా అలాంటి చిన్న అక్షరాల శీర్షికే. రాబోయేదేమిటో చెప్పాలి, చెప్పేటప్పుడు తేదీ, వేళ, చోటు, ఎవరిని అడగాలి అన్న నాలుగూ ఉండాలి. “త్వరలో మన కాలనీలో డ్రైనేజీ పనులు” అని రాస్తే అది వార్త కాదు, ఆశ. “మూడో వీధిలో సోమవారం నుంచి తవ్వకం మొదలవుతుంది, కార్లు పార్కు వెనుక వీధిలో పెట్టుకోవాలి, పైపు పగిలితే జలమండలి 155313కు, తీగ తెగితే విద్యుత్ శాఖ 1912కు ఫోను చేయాలి” అని రాస్తే ఆ కాగితం వంటింటి తలుపుకు అతుక్కుంటుంది.

దీనికంటే ముఖ్యమని నేను నమ్మేది ఇంకొకటి ఉన్నది. ముందు నెలలో రాసినది ఏమయిందో ఈ నెల చెప్పాలి. మేము డెస్కులో దీన్ని ఫాలోఅప్ అనేవాళ్లం. విలేకరులకు బొత్తిగా ఇష్టం లేని పని అది, ఎందుకంటే కొత్త వార్తకు ఉన్న మెరుపు దానికి ఉండదు. కాలనీలో మాత్రం ప్రాణం అదే. వీధి దీపం వెలగడం లేదని ఫిర్యాదు ఇచ్చామని ఒకసారి రాసి ఊరుకుంటే ఆరు నెలల తర్వాత ఆ పత్రాన్ని ఎవరూ చదవరు. ఫిర్యాదు నంబరు, ఇచ్చిన తేదీ, నేటికి పరిస్థితి అని పత్రంలో ఒక మూల పట్టిక పెట్టి, దీపం వెలిగేదాకా ఆ వరుస తీసేయకండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబును యథాతథంగా అచ్చువేయండి, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక పుకార్ల విషయం. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పాకిన అబద్ధానికి దేశంలో ఎంతోమంది బలయ్యారు. ఆ ఏడాది మే నెలలో మన చాంద్రాయణగుట్టలోనే గుంపు దాడిలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ప్రాణం పోయింది. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. కాబట్టి “అనుమానాస్పదంగా తిరుగుతున్న కొత్త వ్యక్తులు” అన్న మాట మీ పత్రంలో ఎన్నడూ రానీయకండి. ఆ కొత్త వ్యక్తి చాలాసార్లు పాత సామాన్లు కొనేవాడో, మీటరు చూడవచ్చినవాడో అయి ఉంటాడు. పోలీసులు చెప్పినది ఉంటే, ఏ స్టేషను వారు ఏ రోజున చెప్పారో రాసి ఆ మాటవరకే వేయండి.

కవితల గురించి నా అభిప్రాయం అడగలేదు కనుక చెప్పను.

కోర్టు దారి (జవాబు):

చట్టం సంగతి నేను చెబుతాను. 1867 నాటి పాత ముద్రణ చట్టం స్థానంలో వచ్చిన ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం, 2023 గత 2024 మార్చి 1 నుంచి అమలులో ఉన్నది. నిర్ణీత కాలానికొకసారి అచ్చయి, ప్రజా వార్తలు గానీ వాటిపై వ్యాఖ్యలు గానీ ఉండే ప్రచురణను ఆ చట్టం పీరియాడికల్‌గా చూస్తుంది. మీ సంఘం సమావేశాల నిర్ణయాలు, జమాఖర్చులు, నీటి వేళలు సభ్యులకు తెలియజేసే నోటీసు వేరు. నగర రాజకీయాల మీద నెలనెలా వ్యాఖ్యలు వేస్తూ, ప్రకటనలు తీసుకుని, వెల కట్టి అమ్మే పత్రం వేరు. మొదటి రకానికే పరిమితమైతే మీరు ఇబ్బందిలో పడే అవకాశం తక్కువని నా అభిప్రాయం. రెండో వైపుకు జరగాలనుకున్న రోజున ప్రెస్ సేవా పోర్టల్‌లో రిజిస్ట్రేషను తీసుకున్నాకే జరగండి.

సైకిలు కుర్రవాడి పేరు ఏ పరిస్థితిలోనూ వేయవద్దు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలపై విచారణ ఉన్నప్పుడు వారి పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టగల మరే వివరమూ వెల్లడించరాదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను చెబుతున్నది. ఆ సెక్షనులో వార్తాపత్రికలతో పాటు చిన్న వార్తాపత్రాలు, ఇతర సమాచార సాధనాలు కూడా ఉన్నాయి కనుక, మాది కాలనీ కాగితమే కదా అన్న వాదన నిలవదు. పేరు తీసేసి “పక్క వీధి చివరి ఇంటి కుర్రవాడు” అని రాసినా పేరు చెప్పినట్లే. అసలు ఆ వార్తలో పాఠకులకు పనికొచ్చేది సైకిళ్లకు తాళం వేసుకోమన్న ఒక్క మాటే కదా!

బకాయిదారుల జాబితా విషయంలో కోశాధికారి గారి కష్టం నాకు అర్థమవుతుంది, కానీ నిజమే రాశాం కదా అన్న ఒక్క మాటతో పరువునష్టం క్రిమినల్ కేసు నుంచి తప్పించుకోలేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను ప్రకారం రాసినది నిజమై ఉండటంతో పాటు, దాన్ని ప్రచురించడం ప్రజాహితానికి అవసరమై కూడా ఉండాలి. మొత్తం రావలసిన బాకీ ఎంత, అందువల్ల ఏ పని ఆగిపోయింది అన్న రెండూ వేసి, వ్యక్తులకు విడిగా ఉత్తరాలు ఇవ్వండి. లిఫ్టు మరమ్మతు ఆగినది ఇంత డబ్బు రాకపోవడం వల్లనే అని చదివినప్పుడు ఎవరు కట్టలేదో అపార్ట్‌మెంటులో చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

నాచారం పాఠకురాలు (జవాబు):

పైన ఇద్దరూ చెప్పినది బాగున్నది కానీ, నాకు అసలు అచ్చు దగ్గరే సందేహం. నెలకొకసారి వచ్చే కాగితం నీళ్ల వేళ మారిన సంగతి ఎలా చెబుతుంది? మా దగ్గర సంఘం కార్యాలయం బయట గాజు తలుపుల నోటీసు బోర్డు ఉండేది. కార్యాలయం తాళం సాయంత్రం ఆరింటికి తీసి ఎనిమిదింటికి వేస్తారు, గేటు లోపల ఉన్న బోర్డు ఆ రెండు గంటలే కనిపించేది. ఒక ఏడాది సంక్రాంతికి మేము కొందరు ఆడవాళ్లం పట్టుబట్టి దాన్ని కిరాణా కొట్టు పక్క గోడకు మార్పించాము. పాల ప్యాకెట్టుకు వచ్చే పనివాళ్లు, ఇస్త్రీ బండి అతను, వాచ్‌మన్ల కుటుంబాలు, అద్దెవాళ్లు అందరూ పొద్దున్నే అక్కడికే వస్తారు. చాలా సంఘాల్లో ఓటు ఇంటి యజమానిదే కావచ్చు, నీళ్లు మాత్రం అందరికీ రావాలి కదా.

ఒక చిన్న సూచన. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేటప్పుడు రాసిన తేదీ పైన పెద్ద అక్షరాలతో వేయండి, పాత వార్తను చెరిపేయడం ఒకరి బాధ్యతగా పెట్టండి. బస్తీ దవాఖానాలో డాక్టరు ఉండే వేళలు, పోలియో చుక్కల రోజు, బోనాలప్పుడు మూసే దారులు మా బోర్డు మీద తెలుగులోనూ హిందీలోనూ రాస్తాము, ఎందుకంటే మా వాచ్‌మన్లలో బీహారు, ఒడిశా వాళ్లే ఎక్కువ.

సింగ్‌నగర్ వాసి, విజయవాడ (జవాబు):

అచ్చు కాగితాన్ని మరీ తీసిపారేయవద్దని మనవి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మా అజిత్‌సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు కరెంటు పోయింది, ఛార్జింగ్ అయిపోయి ఫోన్లు మూగబోయాయి, గ్రూపులన్నీ ఉండి కూడా ఏ పడవ ఏ వీధికి వస్తున్నదో మేడ మీద నుంచి కేకలు వేసుకుని తెలుసుకున్నాము. నీళ్లు తీసిన తర్వాత మరో గందరగోళం మొదలైంది. కింది అంతస్తులో మునిగిన ఇంటికి ఇరవై ఐదు వేలు, పై అంతస్తు వారికి పది వేలు అని ప్రభుత్వం సాయం ప్రకటించగానే, ఎవరికి వస్తుంది, ఎవరి పేరు జాబితాలో లేదు, మళ్లీ ఎక్కడ రాయించుకోవాలి అన్నదాని మీద వీధికొక కథ పుట్టింది. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఎ4 కాగితం మీద స్కెచ్ పెన్నుతో వార్డు సచివాలయం వేళలు, తీసుకెళ్లవలసిన పత్రాలు రాసి రేషను దుకాణం తలుపుకు అంటించారు. మా వీధివాళ్లు తిరుగుళ్లు తగ్గించుకున్నది ఆ కాగితం చూసే.

ఆయనే ఇంకో మంచి పని చేశారు. ఏ ఇంట్లో నీరు ఎన్నో మెట్టు దాకా వచ్చిందో, ఏ రోజున తగ్గిందో ఇంటింటికీ తిరిగి రాసిపెట్టారు. కొత్త కాలువకు కొలతలు తీయడానికి వచ్చే ఇంజనీరుకు మనం నోటితో “నడుము లోతు వచ్చిందండీ” అని చెబితే ఎవరి నడుమని అడుగుతాడు! రాసిపెట్టినదైతే చేతికి ఇవ్వవచ్చు. మీ పత్రం ఏ రూపంలో వచ్చినా ప్రతి సంచిక ఒక ప్రతి ఫైలులో దాచండి. వానాకాలంలో ఏ వీధిలో ఎక్కడిదాకా నీరు నిలిచిందో తప్పకుండా అందులో వేయండి.

ఉప్పల్ నివాసి (ప్రశ్న వేసినవారు):

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులన్నీ సంఘం సమావేశంలో చదివి వినిపించాను. బోర్డు కిరాణా కొట్టు దగ్గరికి మారుతున్నది. అచ్చుపత్రం మూడు నెలలకొకసారి, ఫిర్యాదుల పట్టిక, జమాఖర్చులు, వాననీటి వివరాలతో వస్తుంది. బకాయిదారుల పేర్లు, సైకిలు కుర్రవాడి సంగతి విరమించుకున్నాము. కోశాధికారి గారు కొంచెం అలిగారు కానీ, మొత్తం బాకీని మొదటి పేజీలోనే వేస్తామనగానే ఒప్పుకున్నారు. ఒకటే మిగిలింది: రాసే బాధ్యత అధ్యక్షులు తామే తీసుకుంటామంటున్నారు. సబబేనా?

పాత డెస్కు (జవాబు):

సబబు కాదు. అధ్యక్షుల పనులే పత్రంలో ఎక్కువగా రావలసి ఉంటుంది, అందులో సగం కానివే ఉంటాయి. కమిటీలో లేని ఇద్దరిని పెట్టుకోండి. ఒకరు రాయాలి, ఇంకొకరు సంబంధిత వ్యక్తికి ఫోను చేసి తేదీ, వేళ సరిచూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు అద్దెకున్నవారైతే మరీ మంచిది. అధ్యక్షుల వారికి అంతగా రాయాలని ఉంటే కవితల శీర్షిక ఖాళీగానే ఉన్నట్లున్నది.