సైకిల్ చైన్ లాక్‌కి మూడు వేలా? అవసరమా, దండగా?

నల్లగండ్ల_పెడల్:
పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి నా గేరు సైకిల్ ఎత్తుకుపోయారు. చక్రానికీ ఫ్రేముకీ కలిపి 260 రూపాయల కేబుల్ లాక్ వేసి పెట్టా. పొద్దున్నే దిగి చూస్తే కేబుల్ ముక్క ఒక్కటే పడుంది. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల సన్న తీగలు, తెగిన కొస పాత పెయింట్ బ్రష్‌లా విచ్చుకుని. ఉక్రోషం కొద్దీ ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్‌తో ఆ ముక్కని నేనూ కత్తిరించి చూశా. నాలుగు నొక్కులకే తెగింది.

ఇప్పుడు 18 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌ది కొన్నా. షాపాయన 10 ఎం.ఎం. మందం లింకులున్న చైన్ లాక్ చూపించి 2,900 అంటున్నాడు. సైకిల్ ధరలో ఆరో వంతు తాళానికే! కొనాలా వద్దా? "అసలు సైకిలే ఎందుకు" అనేవాళ్ళు మాత్రం ఆగండి, మా ఇంట్లో ఆ పోస్టు ఎప్పుడో భర్తీ అయింది.

కేపీహెచ్‌బీ_కిరాక్:
పక్కా దండగ బ్రో. ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ ఉన్నోడికి ఏ చైనైనా రెండు మూడు నిమిషాల పని. ఆ డబ్బులో వెయ్యి వాచ్‌మన్‌కి దసరా మామూలు ఇచ్చెయ్, మిగతాది జేబులో వేసుకో. సైకిల్ లిఫ్ట్‌లో ఎక్కించి బాల్కనీలో పెట్టుకో.

బాలానగర్_ఆకురాయి:
ఫ్యాబ్రికేషన్ షాపు నాది. 19 ఏండ్ల సంది ఇనుము కోసుడే పని. కిరాక్ తమ్మీ చెప్పింది సగం నిజం. గ్రైండర్ ముందల ఏ చైనూ నిలువదు. కానీ గ్రైండర్ మొత్తుకుంటది, నిప్పురవ్వలు లేస్తయి. రాత్రి రెండింటికి సెల్లార్‌ల పెడితే ఐదో అంతస్తు దాంక వినబడ్తది. పొడుగు పిడుల కత్తెర లెక్కుండే బోల్ట్ కట్టర్‌కు ఆ తిప్పల లేదు. చప్పుడుండదు, బ్యాగుల పడ్తది, రాణీగంజ్‌ల ఎవరు పోయి అడిగినా ఇస్తరు. నువ్వు చైన్ కొనేది ఆ కట్టర్ కోసం, గ్రైండర్ కోసం గాదు.

6 ఎం.ఎం. లింకు చిన్న కట్టర్‌కే పోతది. 8కి పెద్దది గావాలె. 10 ఎం.ఎం. గట్టి ఉక్కు అయితే మూడడుగుల కట్టర్ తెచ్చి, ఒక పిడి నేలకు ఆనించి, ఇంకో పిడి మీద ఒంటి బరువంత వేస్తెగాని కదలదు. అందుకే చైన్‌ను నేల మీద పడెయ్యొద్దు, ఎత్తుగ బిగించాలె. 14, 16 ఎం.ఎం. గూడ దొరుకుతయి గని అవి మోటార్‌సైకిల్ సామాన్లు.

అసలు ముచ్చట చెప్త ఆగు. కస్టమర్ ఒకాయన అట్ట మీద "10 ఎం.ఎం." అని రాసున్న చైన్ తెచ్చిండు. గుడ్డ తొడుగు బ్లేడుతోని చీరి, మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తె లింకు 6 గూడ సక్కగ లేదు. తొడుగుతోని కలిపి కొలిచిన్రు! ఆకురాయితోని రెండుసార్లు రుద్దితె తెల్లగ గాటు పడ్డది. గట్టిపరిచిన ఉక్కు అట్ల గాటు పడదు, ఆకురాయి గాజు మీద లెక్క జారుతది. నీ షాపాయనను అడిగి ఒక లింకు మీద రుద్ది చూడు. ఒద్దంటే ఇంకో షాపు చూస్కో.

మెహిదీపట్నం_అక్క:
బాలానగర్ అన్నా, మీ ఇనుము లెక్కలకి దండం. మరి బరువు సంగతి ఎవరూ ఎత్తరేం? 10 ఎం.ఎం. చైన్ మీటరు పొడవుంటే తాళంతో కలిపి రెండున్నర, మూడు కిలోలు. రాయదుర్గంలో ఆఫీసు దాకా దాన్ని మెడలో కాసులపేరులా వేసుకుని తొక్కాలి. మొదటి వారం మోశా. రెండో వారం బ్యాగు పట్టీ తెగింది. ఇప్పుడు ఆ చైన్ ఆఫీసు స్టాండ్‌కే రాత్రీ పగలూ వేలాడుతుంటుంది, దారిలో టిఫిన్‌కి ఆగితే సన్న లాకు వేసి సైకిల్‌ని కళ్ళెదుటే పెట్టుకుంటా.

ఇంకోటి. మా పక్క బిల్డింగ్ అబ్బాయి మంచి చైనే వేశాడు, ర్యాంప్ పక్కనున్న స్టీలు పైపు రెయిలింగ్‌కి. పైపు అడుగున రెండంటే రెండు స్క్రూలు. వాటిని విప్పి, పైపు ఎత్తి, సైకిలూ చైనూ రెండూ పట్టుకుపోయారు. స్క్రూలు మాత్రం గోడ మీద బుద్ధిగా పెట్టి వెళ్ళారు.

కేపీహెచ్‌బీ_కిరాక్:
నేను ముందే చెప్పా. బాల్కనీ!

మెహిదీపట్నం_అక్క:
మాది మూడో అంతస్తు నాయనా, లిఫ్ట్ లేదు. వచ్చి మోసిపెట్టు.

శేరిలింగంపల్లి_లాయర్:
పెడల్ గారూ, ముందు సైకిల్ తిరగేసి పెడల్ ఇరుసు కింద ఫ్రేమ్ నంబర్ ఉందేమో చూసి ఫోటో తీసుకోండి. సైకిల్‌కి బండిలా రిజిస్ట్రేషన్ ఉండదు. పోలీస్ స్టేషన్‌లో "నీదేనని రుజువేంటి" అంటే ఆ నంబరు, బిల్లే దిక్కు. 2024 జులై 1 నుంచి దొంగతనం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కిందికి వస్తుంది. సొత్తు విలువ 5,000 లోపై, దొంగకి అది మొదటి కేసై, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవతో సరి. మీ ఇప్పటి సైకిల్ 18 వేలు కాబట్టి, దాన్ని ఎత్తుకుపోయినవాడికి ఆ వెసులుబాటు ఉండదు.

అన్నట్టు, సెకండ్ హ్యాండ్ అన్నారు. అమ్మినాయన దగ్గర పాత బిల్లు తీసుకున్నారా? లేకపోతే ఏ సెల్లార్‌లోనో ఇంకొకరి కేబుల్ ముక్క పడి ఉండొచ్చు.

నల్లగండ్ల_పెడల్:
బిల్లు ఉంది సార్, భయపెట్టకండి. ఇవాళ ఆకురాయి పట్టుకుని షాపుకెళ్ళా. షాపాయన నన్ను ఎగాదిగా చూసి "ఏ కాలేజీలో లెక్చరర్ సార్ మీరు" అన్నాడు. రుద్దితే జారింది. లింకు తొమ్మిదిన్నర. బేరమాడితే 2,600కి ఇచ్చాడు. ఇంతా చేసి సెల్లార్‌లోకి దిగితే దీన్ని కట్టడానికి ఏమీ లేదు. స్తంభం చుట్టుకొలత చూస్తే ఎనిమిదడుగులు, నా చైన్ మూడడుగులు.

బాలానగర్_ఆకురాయి:
20 ఎం.ఎం. రాడ్ యూ లెక్క వంచిస్త. గోడ పక్కన కాంక్రీట్‌ల దింపిచ్చుకో. వెనుక చక్రం, ఫ్రేము, ఆ కొండి, మూడూ కలిపి చైన్ బిగించు. పైసలొద్దు, రాడ్‌కు మాత్రం ఇయ్యి.

నల్లగండ్ల_పెడల్:
థ్యాంక్స్ అన్నా. డ్రిల్ చెయ్యడానికి పర్మిషన్ కావాలని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే అడిగా. 46 మంది చూశారు. సెక్రటరీ గారు మాత్రం ఒక గుడ్ మార్నింగ్ గులాబీ పెట్టారు.