అప్‌డేట్: కరెంటు బిల్లు చూపించని ఓనర్ సంగతి

వేదాయపాలెంలో (నెల్లూరు) అద్దెకుంటున్నాం, రెండు పోర్షన్లకూ ఒకటే సర్వీసు, మాకు సబ్ మీటరు. ఓనర్ యూనిట్‌కి పది చొప్పున తీసుకుంటాడు, బిల్లు అడిగితే చూపించడు, ఏం చేయాలని అడిగాను కదా.

మీరు చెప్పినట్టే మెయిన్ మీటరు పెట్టె మీద పెయింటుతో రాసున్న సర్వీసు నంబరు ఫోన్‌పేలో కొట్టాను. బిల్లు మొత్తం వచ్చేసింది. మొత్తం 310 యూనిట్లు, అన్ని చార్జీలూ కలిపి దగ్గర దగ్గర రెండు వేలు. అంటే యూనిట్‌కి ఆరున్నర లోపే. మా 110 యూనిట్లకు 1,100 కట్టాం! ఇంటి వాడకానికి యూనిట్‌కి మొదటి స్లాబు రూ.1.90, చివరిది, అదీ 400 యూనిట్లు దాటాక, రూ.9.75. అంటే ఎక్కడా పది లేదు.

అసలు తమాషా వేరే ఉంది. మా పోర్షన్లో అన్నీ ఆపేసి బోరు మోటారు వేయించాను. మా సబ్ మీటరు ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. ఇద్దరి నీళ్లూ మా లెక్కలోనే!

చూపిస్తే "ఏంది అబ్బయ్యా, నామీద నమ్మకం లేదా?" అన్నాడు. "ఉంది అంకుల్, మీటరు మీదే లేదు" అన్నాను. ఆంటీ నవ్వేసింది, అక్కడితో వేడి తగ్గింది.

ఇక నుంచి అసలు బిల్లును యూనిట్లతో భాగించి ఎవరి వాటా వాళ్లు. మోటారు వైరు ఎలక్ట్రీషియన్‌తో మార్పించాడు. పాత డబ్బులు మాత్రం రాలేదు. పదకొండు నెలల అగ్రిమెంటు కాపీ చేతికొచ్చింది, అడ్వాన్సు రసీదు ఇంకా ఇవ్వాలి.