గుండె ఆగి తిరిగి కొట్టుకున్నాక ఆక్సిజన్ 100 దగ్గరే ఉంచాలా?

నాన్నగారికి 64 ఏళ్లు. సోమవారం ఛాతీ నొప్పితో గుంటూరులో ఆస్పత్రికి తీసుకెళ్తే, పొద్దున 6:20కి క్యాజువాలిటీలోనే గుండె ఆగింది. సీపీఆర్, రెండు షాకులు ఇచ్చాక 14 నిమిషాలకు మళ్లీ కొట్టుకుంది. ఇప్పుడు విజయవాడలో ఐసీయూలో, వెంటిలేటర్ మీద మూడో రోజు. స్పృహ రాలేదు. నిన్న అరికాలు రుద్దితే బొటనవేలు కాస్త ముడిచారు, అంతే.

ఎఫ్ఐఓ2 (వెంటిలేటర్ ఇచ్చే గాలిలో ఆక్సిజన్ వాటా) 60 శాతం. మానిటర్‌లో ఎస్‌పీఓ2 (వేలి క్లిప్పు చూపే, రక్తంలోని ఆక్సిజన్ శాతం) రాత్రీ పగలూ 100. సిస్టర్ క్లిప్పు తీసి వేరే వేలికి పెట్టి చూసినా అదే అంకె. ఈ ఉదయం ఏబీజీలో (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) పీఏఓ2 (రక్తంలో ఆక్సిజన్ పీడనం) 212.

డ్యూటీ డాక్టర్‌గారిని రెండుసార్లు అడిగాను. "100 ఉంటే మంచిదే కదండీ" అన్నారు. కానీ 2021 యూరప్ మార్గదర్శకాలు, రీడింగ్ నమ్మదగ్గదైతే 94–98 మధ్య ఉంచమంటున్నాయి. మరోపక్క 2022లో వచ్చిన ఆస్ట్రేలియా ఎగ్జాక్ట్ ట్రయల్‌లో, అంబులెన్సు దశలోనే 90–94కి తగ్గించినవాళ్లలో బతికి ఇంటికెళ్లినవాళ్లు తక్కువ. అది మొదటి గంటల సంగతి, ఇది మూడో రోజు. అయినా తగ్గించమని అడగాలంటే గుండె దడగా ఉంది.

ఐసీయూలో పనిచేసేవాళ్లు దయచేసి చెప్పండి: ఈ ఏబీజీ చూపించి, ఎఫ్ఐఓ2 మెల్లగా తగ్గించి 94–98కి తెమ్మని ఇప్పుడు నేను గట్టిగా అడగవచ్చా?